నాలుగు రంగుల బ్రదర్

బెంగళూరు మారతహళ్లిలో ఓ అద్దె హాల్లో మా తెలుగు ఆరాధన. నా ముందు వరసలో కూర్చునే బ్రదర్ దగ్గర నాలుగు హైలైటర్లు ఉంటాయి. వాగ్దానాలకు పసుపు, ఆశీర్వాదాలకు ఆకుపచ్చ, ప్రవచనాలకు నీలం. గులాబీ దేనికో నాకింకా అంతుపట్టలేదు, బహుశా పక్కింటివాళ్లకు వర్తించే వచనాలకేమో. మీ సంఘంలో ఇలాంటివాళ్లు లేరని మాత్రం నాతో అనకండి.

పోయిన ఆదివారం పాస్టర్‌గారు బైబిల్లో యాకోబు పత్రిక, అంటే యాకోబు రాసిన ఉత్తరం, 1:22 తీశారు. "వినువారు మాత్రమైయుండి మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ" దాకా వచ్చారో లేదో, ముందు వరసలో టక్‌మని మూత ఊడింది. పసుపు. స్కేలు పెట్టి, నాలుక కొంచెం బయటికి పెట్టి, పదో తరగతి పిల్లాడు మ్యాపులో గోదావరి గీసినంత శ్రద్ధగా గీశాడు. ఇందులో వాగ్దానం ఏం కనిపించిందో మరి! విని వదిలేసేవాడు అద్దంలో ముఖం చూసుకుని అవతలికి పోగానే మర్చిపోయేవాడి లాంటివాడని ఆ తర్వాతి వచనాలు. వాటికీ పసుపే. ఫొటో తీశాడు, స్టేటస్ పెట్టాడు, ఎంతమంది చూశారో లెక్క చూసుకున్నాడు, పాస్టర్‌గారు పాపం ఇంకా ఆ అద్దం దగ్గరే ఉన్నారు. బైబిల్ కాగితం సంగతి తెలిసిందేగా, ఉల్లిపొర. రంగు వెనక పేజీలోకి దిగి, రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకుని సమాజమందిరానికి వచ్చిన పెద్దమనిషి మీద మరకయింది. ఆ భాగానికి మా బ్రదర్ దగ్గర దక్కిన రంగు అదొక్కటే.

ప్రొటెస్టంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1522లో ఈ యాకోబు పత్రికను గడ్డి పత్రిక అని ముఖానే అనేశాడు. మనవాళ్లు అంతమాట అనరు, రంగేసి వదిలేస్తారు.

ఐదో అధ్యాయం తెల్లగా ఉంది. తొంగిచూశాను, తప్పే.

హాల్లో చివర, చెప్పులు విడిచే చోట ఒక అక్క కూర్చుంటుంది. మదనపల్లె వైపు మనిషి, మా అపార్ట్‌మెంట్‌లో ఐదిళ్లలో పని, అందులో బ్రదర్‌గారి ఇల్లొకటి. ఆదివారం ఆమెకు "వందనాలు సిస్టర్". సోమవారం సర్వీస్ లిఫ్ట్, సింకు కింద విడిగా పెట్టిన గ్లాసులో టీ. మొన్న తల్లి చనిపోతే ఊరెళ్లి ఐదు రోజులకు వచ్చింది. ఐదు రోజుల జీతం కోసేశారు. "అడగలేదా అక్కా?" అన్నాను. "ఏమడిగేది అన్నా, మా యమ్మ కోసం ప్రార్థన చేసినామని చెప్పిరి" అంది.

సిగ్గుండాలి. తల్లిని మట్టిలో పెట్టి వచ్చిన మనిషి దగ్గర రోజులు లెక్కగట్టి డబ్బు పట్టుకుంటారా? పొద్దుగుంకేలోపు కూలి చేతిలో పెట్టమని ద్వితీయోపదేశకాండము 24:15లో ఉంది. "బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని యాకోబు 5:4లో ఉంది. ఇది అర్థం కావడానికి గ్రీకు రావాలా, మూడు రోజుల ఉజ్జీవ సభలు పెట్టాలా? ఆ సింకు కింది గ్లాసు ఏ వచనంలో ఉందో చూపించమనండి, ఐదో రంగు నేనే కొనిస్తాను.

ఆరాధన అయ్యాక బ్రదర్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "వాక్యం ఈరోజు భలే బలంగా వచ్చింది కదా బ్రదర్!"

"అవును బ్రదర్" అన్నాను. జీతం సంగతి ఎత్తలేదు. ఆయన మా అసోసియేషన్ సెక్రటరీ, నాకు రెండో పార్కింగ్ కావాలి.