రెండు బై రెండు టైలు గారికి ఒక గచ్చు యజమాని లేఖ

విట్రిఫైడ్ టైలు గారికి,

గుంటూరు బ్రాడీపేటలో మీరు పన్నెండేళ్లు కాపురముండి ఈమధ్యే ఖాళీ చేసిన ఇంటివాణ్ని.

మిమ్మల్ని పిలిచింది మేమే, ఆ మాట ముందే ఒప్పుకుంటున్నా. అక్క పెళ్లి కుదిరింది, మగపెళ్లివారు మా ఎర్ర గచ్చు చూసి ఏమనుకుంటారోనని అమ్మకి ఒకటే టెన్షన్. మీరేమో గుజరాత్‌లోని మోర్బీలో లారీ ఎక్కి ఇంత దూరం వచ్చి, వచ్చీరాగానే తాతయ్య వేయించిన గచ్చు నెత్తిన కూర్చున్నారు. ఊరికే కూర్చున్నారా? సిమెంటు మాలు బాగా పట్టాలంటూ మేస్త్రీ గచ్చు నిండా సుత్తితో గాట్లు పెట్టాడు. ఇప్పుడు మిమ్మల్ని పీకి చూస్తే మశూచి పోసిన మొహంలా ఉంది. రెండంగుళాలు ఎత్తు పెరిగారు కాబట్టి తలుపులు చిత్రిక పట్టించాం, గడప సగం పూడిపోయింది, పండక్కి పసుపు రాయాలంటే అమ్మ దాన్ని వెతుక్కోవాలి. బాబాయ్ మీ మీద జారి పడి, లేస్తూ లేస్తూ "ఎంత నున్నగా ఉందిరా" అని మెచ్చుకున్నాడు కూడా.

మీలోకి నీళ్లు ఇంకవట. మరి నేలలో చెమ్మ ఎటు పోవాలి సార్? గోడ ఎక్కింది. ఏటా వానలకి మోకాలెత్తున పెచ్చులూడుతుంటే మేం పెయింటుని తిట్టుకున్నాం.

వంటింట్లో మీ కింద మాచర్ల నాపరాళ్లు బయటపడ్డాయి. సిమెంటు మరకలకి యాసిడ్ పోస్తే క్షణంలో పోతుందన్నాడు పనివాడు. నాపరాయంటే సున్నపురాయే కదా, పోయగానే బుసబుసా నురగ కక్కింది, మరకతో పాటు రాతి నునుపూ పోయింది. ఒక్క రాయితోనే ఆపాం కాబట్టి బతికాం. అప్పట్నుంచీ ఉలితో మెల్లగా గోకుడే. అన్నట్టు, అమరావతి స్తూపానికి శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతి మీదే. ఈ రాళ్ల చుట్టాలు చెన్నై మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నారు. మీ చుట్టాలు మా సందు మలుపులో గోనెసంచుల్లో ఉన్నారు, చెత్తబండి అబ్బాయి కూడా ఎక్కించుకోనంటున్నాడు.

గచ్చు గాట్లు పూడ్చడానికి సిమెంటులో ఎర్ర ఆక్సైడ్ కలిపి మూడు సార్లు చూశాం. మూడూ కలవలేదు. గుంటూరువాళ్లం, ఎరుపులో తేడా మాకు తెలియకుండా పోతుందా? చివరికి గాట్లు అలాగే వదిలేసి కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తున్నాం.

మొన్న మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే, ఒకప్పుడు మీకోసం పట్టుబట్టిన అమ్మే కొంగు పరుచుకుని ఆ గచ్చు మీద పడుకుంది. వీపుకి గాట్లు గుచ్చుకుంటున్నాయని గంటసేపు సణిగింది, లేవమంటే మాత్రం లేవలేదు.

పడగ్గదిలో మీ తమ్ముళ్లు ఇంకా ముప్పై మంది ఉన్నారు. సెలవులైపోయి అక్క పిల్లలు వెళ్లగానే వాళ్ల సంగతీ చూస్తాను.

ఇట్లు,
చేతులు బొబ్బలెక్కిన ఇంటివాడు