ఎలుక పాదం వాపు తగ్గితే మందు దొరికినట్టేనా?

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి చెన్నై ఫార్మసీ కళాశాలల్లో చదివే మన పిల్లలకు చివరి ఏడాది ప్రాజెక్టు అంటే, ఏదో ఒక మొక్క సారంలో వాపు తగ్గించే గుణాన్ని పరీక్షించడం రివాజైపోయింది. బాలింతల స్నానానికీ, కీళ్ల నొప్పుల కాపడానికీ వాడే వావిలాకు అలాంటి వాటిలో ఒకటి. నివేదికలు చాలావరకు ‘గణనీయమైన ప్రభావం ఉంది’ అనే ముగుస్తాయి. నా అభ్యంతరం ఆకు మీద కాదు, అది ఇంత సులువుగా గట్టెక్కే పరీక్ష మీద.

అన్నిటికన్నా చౌకైనది తెల్లసొన పరీక్ష. వేడికి విరిగి మబ్బుగా మారే ప్రోటీనును సారం ఎంతవరకు ఆపుతుందో 660 నానోమీటర్ల కాంతితో కొలుస్తారు. మిథనాల్‌తో తీసిన ఆకు సారంలో దండిగా ఉండే పత్రహరితం కాంతిని పీల్చుకునేది కూడా దాదాపు అక్కడే కనుక, సారం రంగుకు విడిగా రీడింగ్ తీసి మినహాయించకపోతే ఆ శాతాలకు అర్థం లేదు.

ఎలుక పరీక్ష ఇంతకన్నా గట్టిది. 1962లో వింటర్ బృందం ప్రచురించిన ఈ పద్ధతిలో వాపు పుట్టించే కరాజీనన్ (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం) 1 శాతం ద్రావణాన్ని 0.1 మి.లీ. చొప్పున వెనక పాదం అడుగున ఎక్కిస్తారు. మొదట హిస్టమిన్, సెరటోనిన్, ఆ తర్వాత ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒంట్లోని రసాయనాలు వాపును పెంచుతాయి. చీలమండ దగ్గర పెన్నుతో గీత గీసి, పాదాన్ని అంతవరకు ప్లెథిస్మోమీటర్ అనే కొలత పరికరంలోని ద్రవంలో ముంచి ఘనపరిమాణం చదువుతారు. పెరిగే వాపు సాధారణంగా మిల్లీలీటరు లోపే. గింజుకునే ఎలుక పాదం గీత దాటి కాస్త లోతుకు దిగినా అంకె మారిపోతుంది. అందుకే ఏ ఎలుకకు సారం పట్టారో, దేనికి పోలిక కోసం వాపు తగ్గించే మందు డైక్లోఫెనాక్ ఇచ్చారో కొలిచే మనిషికి తెలియకూడదు. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్త గురించి చాలా పత్రాల్లో ఒక్క ముక్క ఉండదు. ఎన్ని ఎలుకలు కావాలని ఆరా తీసే జంతు నైతిక కమిటీ, కొలిచేదెవరని కూడా అడగవచ్చు కదా.

ఇక మోతాదు. ఎలుకకు కిలో బరువుకు 400 మి.గ్రా. ఇచ్చారనుకుందాం. మనిషికి మార్చడానికి వాడే లెక్క ప్రకారం 6.2తో భాగిస్తే, 60 కిలోల మనిషికి దాదాపు 3.9 గ్రాముల సారం కావాలి. ఎండుటాకులో పదో వంతు సారం దిగినా, అది 39 గ్రాముల ఆకు! ఇళ్లలోనేమో వావిలాకును నీళ్లలో కాచి పైన కాపడం పెడతారు. మిథనాల్ సారాన్ని గొట్టంతో కడుపులోకి పంపి, చివర్లో ‘సంప్రదాయ వాడకం రుజువైంది’ అని రాయడం ఏ తర్కమో బోధపడదు.

ఆకు ఏదన్నదీ తేలాలి. చెన్నై పార్క్ టౌన్‌లో మూలికలు అమ్మే రాసప్ప చెట్టి వీధిలో కొన్న పొడిని చూసి జాతిని నిర్ధారించడం కష్టం. పూతతో ఉన్న కొమ్మను ఆరబెట్టి, హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) సంఖ్య వేయించాకే పని మొదలుపెట్టాలి. వీటన్నిటినీ పాటించిన విద్యార్థి చివరకు వాపు తగ్గలేదని రాస్తే, ఆ నివేదికకూ తగ్గిందని రాసినదానితో సమానంగా మార్కులు వేయాలి.