హైబ్రిడ్ కారు డబ్బు మిగిల్చేది ట్రాఫిక్‌లోనే

పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉండేదే హైబ్రిడ్ కారు. మా చుట్టాల్లో ఎవరు అది కొన్నా ఒకటే మాట: "సగం కరెంటు మీద నడుస్తుందిరా, అందుకే అంత మైలేజీ." ప్లగ్గు పెట్టని కారుకి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది బాబాయ్? అందులోని ప్రతి చుక్క కరెంటూ నువ్వు బంకులో పోయించిన పెట్రోల్‌దే.

మరి మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి (అంటే ఇంజిన్ లేకుండా మోటారుతోనే కూడా కదలగల రకానికి) కంపెనీ చెప్పే లీటరుకు 27.97 కిలోమీటర్లు ఎలా సాధ్యం? రోడ్డు మీద అంత రాదు, అది వేరే సంగతి. కానీ మామూలు పెట్రోల్ కారు కంటే చాలా ఎక్కువే వస్తుంది. ఎందుకంటే మామూలు కారు చేసే దండగ అంతా ఇంతా కాదు.

సాయంత్రం ఏడింటికి అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లి చూడండి. నాలుగు అడుగులు కదలడం, ఆగడం. ఆగి ఉన్నంతసేపూ ఇంజిన్ పెట్రోల్ తాగుతూనే ఉంటుంది. కదిలి తెచ్చుకున్న కాస్త వేగాన్నీ బ్రేకు తొక్కగానే డిస్కులు వేడిగా మార్చి గాల్లో కలిపేస్తాయి. పైగా పెట్రోల్ ఇంజిన్‌కి గట్టి పని చెబితేనే తాగినదానికి న్యాయం చేస్తుంది. పాకే వేగంలో దానంత సోమరి ఇంకోటి లేదు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ పట్టుకునేది సరిగ్గా ఇక్కడే. పాకేటప్పుడు ఇంజిన్ ఆపేసి మోటారుతో లాగుతుంది. బ్రేకు తొక్కితే అదే మోటారు జనరేటరై కొంత శక్తిని బ్యాటరీలోకి తిప్పి పంపుతుంది. ఛార్జింగ్ తగ్గితే ఇంజిన్ మేల్కొంటుంది, కానీ ఊరికే గురగురలాడదు. తనకు అనువైనంత పని చేస్తూ చక్రాలకు పోను మిగిలింది బ్యాటరీకి ఇస్తుంది. ఆ ఇంజిన్ కూడా అట్కిన్సన్ అనే పద్ధతిలో పనిచేసేది. పొదుపు ఎక్కువ, మొదట్లో లాగే ఊపు తక్కువ. ఆ లోటు మోటారు పూడుస్తుంది. 1997లో జపాన్‌లో వచ్చిన టయోటా హైబ్రిడ్ కారు, మొదటి ప్రియస్ నుంచి ఇదే కిటుకు.

బ్యాటరీ మాత్రం చాలా చిన్నది, గ్రాండ్ విటారాలో 0.76 యూనిట్లే. తిరుమల కొండ దిగుతుంటే సగం దారిలోపే నిండిపోతుంది. ఆ తర్వాత ఇంజిన్ ఒక్కసారిగా గోల చేస్తుంది. చాలామంది కారుకి ఏదో అయిందని టెన్షన్ పడతారు. ఏమీ కాలేదండీ, కరెంటు పెట్టుకోవడానికి చోటు లేక బ్రేకింగ్ పని ఇంజిన్ మీద వేసిందంతే.

ఇక ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద వేగంతో పోయేవాళ్లు "హైబ్రిడ్ కొన్నా మైలేజీ రావట్లేదు" అంటారు. ఆగేది లేదు, బ్రేకు లేదు, ఇక దేన్ని పట్టుకుని మిగల్చాలి? హైవేలో లాభం ఉంటుంది కానీ సిటీలో ఉన్నంత కాదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. నెలకు సిటీలో వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, మామూలు కారు 12 ఇస్తే 83 లీటర్లు, హైబ్రిడ్ 20 ఇస్తే 50 లీటర్లు. మిగిలేది 33 లీటర్లు, అంటే మూడున్నర వేలు. హైబ్రిడ్ కోసం అదనంగా మూడు లక్షలు పెట్టారనుకోండి, అవి తిరిగి రావడానికి ఏడేళ్లు. అదే నెలకు మూడు వేల కిలోమీటర్లు తిరిగేవాడికి రెండున్నరేళ్లు కూడా పట్టదు. ఆదివారం గుడికి, నెలకోసారి ఊరికి వెళ్లే కుటుంబానికి మామూలు పెట్రోల్ కారే మేలు, ఎవరేమన్నా నా మాట ఇదే. ధర అంత ఉండటానికి పన్ను కూడా ఒక కారణం. ఎలక్ట్రిక్ కారుకి జీఎస్టీ 5 శాతం. ఇంత పెట్రోల్ మిగిల్చే ఈ సైజు కారుకి, 2025 సెప్టెంబరులో తగ్గించాక కూడా, 40 శాతం!

అసలు నాకు ఒళ్లు మండేది మైల్డ్ హైబ్రిడ్‌తో. మన దగ్గర అమ్మే వాటిలో చాలావరకు చిన్న మోటారు ఇంజిన్‌కి కాస్త చేయి సాయం చేస్తుంది, సిగ్నల్ దగ్గర ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తుంది, అంతే. ఒంటరిగా కారుని కదిలించలేదు. కానీ షోరూమ్‌లో రెండింటినీ హైబ్రిడ్ అనే అంటారు. కొనేముందు టెస్ట్ డ్రైవ్‌లో ఇంజిన్ ఆగి ఉండగానే కారుని పార్కింగ్‌లోంచి బయటికి తీసి చూపించమనండి. స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే, బ్యాటరీలో ఛార్జింగ్ ఉంటే, చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. సేల్స్ అబ్బాయి మాట మార్చి బ్రోషర్ తెరిచాడంటే అది ఏ రకమో మీకే తెలిసిపోతుంది.