రొమ్ము క్యాన్సర్ లెక్కలు: పెద్దనాన్న చదవని గడి

చిత్తూరు బస్టాండులో పొద్దున్నే వేలూరు బస్సు ఎక్కేవాళ్లను కాసేపు గమనిస్తే, ఎవరు వ్యాపారం మీద వెళ్తున్నారో ఎవరు ఆసుపత్రికి వెళ్తున్నారో సంచి చూసి చెప్పేయవచ్చు. ఆసుపత్రివాళ్ల ఒళ్లో పొడవాటి ఎక్స్‌రే కవరు ఉంటుంది. కాళ్ల దగ్గర నీళ్ల సీసా, ఇడ్లీ పొట్లం. రెండేళ్ల కిందట మా పెద్దమ్మను తీసుకుని నేనూ ఆ బస్సెక్కాను. ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలి అప్పటికి ఏడు నెలలు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "నొప్పి లేదు కదా నాయనా, నొప్పి ఉంటే చూపించుకోనా?" అంది.

ఎముక విరిగితే ఆ పూటే పుత్తూరు కట్టుకు పరుగెత్తే ప్రాంతం మాది. కదలాలంటే మాకు నొప్పి పుట్టాలి. రొమ్ములో క్యాన్సర్ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు.

దారిలో పెద్దనాన్న ఆమెకు ధైర్యం చెప్పే ప్రయత్నం చేశారు. "ఈ జబ్బు అమెరికావాళ్లకే ఎక్కువట. మనవాళ్లకు తక్కువేనని పేపర్లో వేశారు" అన్నారు. ఆయన చదివింది తప్పు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఉంటుంది. దాని 2020 అంచనాల ప్రకారం ఏటా లక్ష మంది మహిళల్లో అమెరికాలో సుమారు 90 మందికి, మన దేశంలో సుమారు 26 మందికి రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడుతోంది. మన పత్రికలు ఎక్కువగా ఈ అంకె దగ్గరే ఆగిపోతాయి. అదే పట్టికలో పక్క గడి చూస్తే మరణాల రేటు ఉంటుంది: అమెరికాలో లక్షకు 12.4, భారత్‌లో 13.3. జబ్బు వాళ్లలో మూడో వంతుకన్నా తక్కువ, చావులు వాళ్లకన్నా ఓ పిసరు ఎక్కువ.

2022 అంచనాల్లోనూ ఇదే తీరు. మన దేశంలో కొత్త కేసులు దాదాపు 1.92 లక్షలు, మరణాలు 98 వేలు. అమెరికాలో కొత్త కేసులు 2.74 లక్షలు, మరణాలు 43 వేలు. ఒక ఏడాది చనిపోయినవారంతా ఆ ఏడాదే జబ్బు బయటపడినవారు కారు కాబట్టి, ఒకదాన్ని మరోదానితో భాగించి బతికే అవకాశం ఇంత అని తేల్చడం సరికాదు. అయినా ఈ తేడా కంటికి కనిపించనంత చిన్నది కాదు.

దేశాలను పోల్చేటప్పుడు ముందుగా వయసును సరిచూసుకోవాలి. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వసతి గృహంలో లక్ష మంది ఉన్నారనుకోండి, ఒక వృద్ధాశ్రమంలోనూ లక్ష మంది ఉన్నారనుకోండి. క్యాన్సర్ ఎక్కడ ఎక్కువ కనిపిస్తుందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. అమెరికా, జపాన్ ముసలి దేశాలు, మనది పడుచు దేశం. అందుకే రెండుచోట్లా ఒకే వయసుల పొందిక ఉందనుకుని లెక్క కడతారు. పైన చెప్పిన 90, 26 అంకెలు అలా సవరించినవే, కాబట్టి మనవాళ్లు పడుచువాళ్లు గనుక జబ్బు తక్కువ అనే వాదన ఇక్కడ చెల్లదు. మన దగ్గర రొమ్ము క్యాన్సర్ చిన్న వయసులోనే వస్తోందని తరచూ వినిపించే మాటలోనూ కొంత భాగం ఈ జనాభా పొందిక చేసే మాయే.

అసలు ఆ 26 ఎక్కడి నుంచి వచ్చింది? భారత వైద్య పరిశోధన మండలి 1981లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం కింద కొన్ని నగరాల్లో, కొన్ని జిల్లాల్లో కొత్త క్యాన్సర్ కేసులను నమోదు చేసే రిజిస్ట్రీలు నడుస్తున్నాయి. దేశమంతటి అంచనాకు అవే ఆధారం. వాటిలో 2012–16 లెక్కల ప్రకారం రొమ్ము క్యాన్సర్ రేటు హైదరాబాద్ జిల్లాలో 48, చెన్నైలో 42.2, బెంగళూరులో 40.5. పల్లెల రేట్లు వీటికి చాలా దిగువన ఉంటాయి. అంటే భారత్‌కు 26 అనడం, హైదరాబాద్‌ను పలమనేరు దగ్గరి పల్లెతో కలిపి సగటు తీయడమే. ఆ పల్లెలో జబ్బు నిజంగానే తక్కువా, లేక కనిపెట్టేవాళ్లు లేరా అన్నది ఆ సగటు చెప్పదు. నా అనుమానం రెండూ ఉన్నాయని.

రిజిస్ట్రీ లెక్కకు ఒక నియమం ఉంది. రోగి ఎక్కడ వైద్యం చేయించుకున్నారన్నది చూడరు, కనీసం ఏడాదిగా ఎక్కడ నివసిస్తున్నారో చూస్తారు. ఈ నియమం లేకపోతే తిరుపతి ప్రపంచంలోనే భయంకరమైన క్యాన్సర్ నగరంగా తేలుతుంది. అక్కడి స్విమ్స్ ఆసుపత్రి ఓపీ ముందు కూర్చునేవాళ్లలో కడప, నెల్లూరు, అనంతపురం వాళ్లందరినీ తిరుపతి జనాభాతో భాగిస్తే మరేమవుతుంది? ఏదో ఆసుపత్రిలో ఇన్ని కేసులంటూ వచ్చే వార్తలు చూసి ఊరి నీళ్లను, గాలిని తిట్టేముందు ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

ఏళ్ల తరబడి రేటు ఎలా మారిందో చూస్తే పోలిక ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. అమెరికాలో 1980లలో రేటు ఒక్కసారిగా పైకి లేచింది. రొమ్మును ఎక్స్‌రే తీసి గడ్డలు వెతికే మామోగ్రఫీ పరీక్ష వ్యాపించిన కాలం అది. వెతికేకొద్దీ దొరికాయి, వాటిలో పాలనాళం గోడ దాటని, ఎప్పటికీ ప్రాణం తీయకపోయే గడ్డలు కూడా ఉన్నాయి. 2002లో, ముట్లు ఆగిన స్త్రీలకు ఇచ్చే హార్మోన్ మందులు రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచుతాయని ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. లక్షల మంది ఆ మాత్రలు మానేశారు. మరుసటి ఏడాదే అక్కడి రేటు దాదాపు 7 శాతం పడిపోయింది. ఆ తర్వాత మళ్లీ మెల్లగా, ఏటా ఒక శాతం చొప్పున పెరుగుతోంది.

మన దేశంలో 1990 నుంచి 2016 మధ్య వయసు సవరించిన రేటు 39 శాతం పెరిగిందని 2018లో వెలువడిన రాష్ట్రాలవారీ అంచనా చెప్పింది. పెరగని రాష్ట్రం లేదు. ఆ అంచనా చుట్టూ అనిశ్చితి చాలా ఉంది, నిజమే. కానీ వాళ్ల పెరుగుదలకు ఉన్న సాకు మనకు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 30–49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. వెతికేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేనిచోట రేటు పెరిగితే, ఆ పెరుగుదలను యంత్రాల మీదికి నెట్టలేం. వాళ్ల రేఖను చూసి కొంత తగ్గించి చదవాలి, మన రేఖను చూసి కొంత హెచ్చించి చదవాలి.

పెరగడానికి కారణాల్లో బలమైనది మా ఇంట్లోనే కనిపిస్తుంది. మా అవ్వకు ఏడు కాన్పులు, ఒక్కో బిడ్డకు రెండేళ్లు పాలిచ్చింది. పెద్దమ్మకు ముగ్గురు. పెద్దమ్మ కూతురు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, 31 ఏళ్లకు ఒక్క బిడ్డ, ఐదో నెలలోనే ఆఫీసు. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం ప్రతి కాన్పుకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు 7 శాతం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ మరో 4.3 శాతం తగ్గుతాయి. కొత్త సంగతేమీ కాదు. ఇటలీ వైద్యుడు రమజ్జీని క్రైస్తవ సన్యాసినుల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉందని మూడు వందల ఏళ్ల కిందటే గుర్తించాడు. మన రాష్ట్రంలో 2019–21 నాటికి సగటు సంతానం 1.7. దీన్ని పట్టుకుని ఆడపిల్లల చదువునో ఉద్యోగాన్నో వేలెత్తి చూపేవాళ్లుంటారు. ఏడు కాన్పుల కాలంలో ప్రసవంలోనే పోయినవాళ్లను వాళ్లు లెక్కలో వేసుకోరు. నెలలు నిండని బిడ్డను వదిలి పనికి వెళ్లాల్సిన పరిస్థితి మార్చమని అడగవచ్చు కదా, అదీ అడగరు.

జన్యువుల వాదన కూడా పెద్దగా నిలవదు. జపాన్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాల్లో తరం మారేకొద్దీ రేటు అక్కడివారి స్థాయికి దగ్గరైంది. రక్తం మారలేదు, బతుకు మారింది. మా అవ్వకూ ఆమె మనవరాలికీ మధ్య అంత దూరమూ సముద్రం దాటకుండానే గడిచిపోయింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అమెరికా కాదు, దక్షిణ కొరియా. అక్కడ 2023లో సగటు సంతానం 0.72. రెండు దశాబ్దాల్లో రొమ్ము క్యాన్సర్ రేటు రెట్టింపు దాటి ఇప్పుడు మనకు రెండింతలకు పైగా ఉంది. మరణాల రేటు మాత్రం మనదానిలో దాదాపు సగం. 40 దాటిన మహిళలకు రెండేళ్లకోసారి ప్రభుత్వమే పరీక్ష చేయిస్తుంది, గడ్డ దొరికితే వైద్యం ఆలస్యం కాదు. జబ్బు రావడం, జబ్బుతో చనిపోవడం రెండు వేరు వేరు కథలని ఆ దేశం చూపిస్తోంది. మొదటి కథను ఏ ప్రభుత్వమూ పదేళ్లలో మార్చలేదు. రెండోదాన్ని మార్చవచ్చు. అమెరికాలో 1989 నుంచి మరణాల రేటు 40 శాతానికి పైగా తగ్గింది.

అలాగని ఊరూరా మామోగ్రఫీ యంత్రాలు పెట్టమని నేను అనను. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన పరిశోధనలో లక్షన్నర మంది మహిళలున్నారు. వారిలో సగం మందికి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో తడిమి పరీక్షించారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే 50 దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్న వయసువారిలో తగ్గుదల తేలలేదు, ఆ మాటా చెప్పాలి. అయినా ఇంత చవకైన ఉపాయం మన ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు అందనిది కాదు. తిరుపతిలో వైద్యానికి కొరత ఉందనలేం. స్విమ్స్ ఉంది, 2022లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకునే ఆరోగ్యశ్రీ ఉంది. అవన్నీ గుమ్మం దాకా వచ్చినవాళ్లకు. పెద్దమ్మ ఆ ఏడు నెలలూ గుమ్మం ఇవతలే ఉంది. ఊళ్లో ఒకామె ఆకు పసరు కట్టింది, ఇంకొకామె సూది గుచ్చితే పాకుతుందని భయపెట్టింది. డబ్బు సమస్య ఇంకా మొదలే కాలేదు.

వేలూరులో పేరు రాయించే కిటికీ దగ్గర అరగంట నిలబడ్డాం. లోపలి అమ్మాయి తమిళం కలిసిన తెలుగులో ఊరు, చిరునామా అడిగింది. నేను నోరు తెరిచేలోగా పెద్దమ్మ బెంగళూరులో కూతురి ఇంటి చిరునామా చెప్పింది. ఇదేమిటని చూశాను. "ఉత్తరాలు ఊరికి వస్తే పోస్టుమ్యాన్ అందరికీ చెబుతాడు" అంది. ఆ అమ్మాయి అదే టైపు చేసి చీటీ చేతిలో పెట్టింది.