స్ట్రోలరు గారికి, మోసినవాడు వ్రాయునది

మహారాజశ్రీ స్ట్రోలరు గారి సముఖమునకు,

బెజవాడ నుంచి మీ కూలీ నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు అటక మీద, పాత కూలరుకీ దీపావళి ప్రమిదల అట్టపెట్టెకీ మధ్య క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఈ మర్యాద ఇంతటితో సరి. నువ్వు చంటిపిల్లని కూర్చోబెట్టి తోసుకెళ్లాల్సిన బండివి. అలాంటి నిన్ను ఆరు రోజులు భుజాన మోసినవాణ్ణి, నువ్వనే చనువు నాకుంది. ఆదివారం మా బావమరిది వచ్చి నిన్ను పట్టుకెళ్తాడు. ఈలోగా మన లెక్కలు తేల్చుకోవాలని ఈ ఉత్తరం.

నువ్వు మా ఇంటికి రావడానికి కారణం ఎల్టీసీ, అంటే ఉద్యోగికి సర్కారు ఖర్చుతో సెలవు ప్రయాణం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చెయ్యనివాళ్లకి ఈ మూడక్షరాల మహిమ అర్థం కాదు. నాలుగేళ్లకో బ్లాకు. ఆ బ్లాకులో పెళ్లాం పిల్లలతో ఎక్కడికో అక్కడికి వెళ్లి రాకపోతే హక్కు మురిగిపోతుంది. సొంతూరికి పోయే బదులు అండమాన్‌కి విమానంలో వెళ్లొచ్చని అందులో ఒక వెసులుబాటు. 2022–25 బ్లాకులో మా సెక్షన్ వాళ్లంతా వెళ్లొచ్చారు, లంచ్ టైములో ఫొటోలు చూపించారు. 2025 డిసెంబరు వచ్చేసరికి మిగిలింది నేనొక్కణ్ణే. ఇంట్లో చూస్తే తొమ్మిది నెలల పిల్ల. "దానికి సముద్రానికీ బకెట్లో నీళ్లకీ తేడా తెలుస్తుందా? ఇప్పుడెందుకండీ?" అంది మా ఆవిడ. నిజమే. కానీ బ్లాకుకి పిల్ల వయసుతో పని లేదు కదా. (వాడుకోని బ్లాకుని మరుసటి ఏడాది కూడా వాడుకోవచ్చనే రూలు ఒకటుందని, తిరిగొచ్చి బిల్లు పెడుతున్నప్పుడు సూపరింటెండెంటుగారు చెప్పారు. ఈ సంగతి మా ఆవిడకి ఇంకా తెలీదు. నువ్వూ నోరు మెదపకు.)

సరిగ్గా అప్పుడే ఫోన్లో నువ్వు కనబడ్డావు. ఆ వీడియోలో ఒక తండ్రి ఎడం చేత్తో కాఫీ తాగుతూ కుడి చేత్తో నిన్ను టక్కున మడిచేశాడు. మూడంటే మూడు సెకన్లు. వెనకాల నీలం సముద్రం, ముందు నవ్వే పిల్ల, చొక్కా మీద పాల మరక కూడా లేదు. ఇంట్లో పిల్ల ఉండి చొక్కా మీద మరక లేని తండ్రిని నేను అదే మొదటిసారి చూడటం. అనుమానం రావాల్సింది. రాలేదు. పదకొండు వేలు పోసి నిన్ను తెప్పించాను.

గన్నవరంలోనే నీ రంగు బయటపడింది. రెండేళ్లలోపు పిల్లలకి విమానంలో సీటు ఉండదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. నిన్ను మాత్రం పైసా తీసుకోకుండా ఎక్కించుకుంటారు. విమానం తలుపు దాకా తోసుకెళ్లి, అక్కడ మడిచి అప్పజెబితే కింద సామాన్లలో వేస్తారు. మడిచి! ఎర్ర బొత్తం నొక్కాను. పక్క మీట లాగాను. రెండూ కలిపి నొక్కి లాగాను. నువ్వు సగం వంగి, చెడ్డ రాజు ముందు మంచి మంత్రిలాగా అక్కడే ఆగిపోయావు. వెనక వరసలో నలభై మంది. ఒక పెద్దాయన "ముందు పైకెత్తాలేమో బాబూ" అన్నాడు. ఇంకొకాయన యూట్యూబు తీశాడు. చివరికి ఓ పదేళ్ల పిల్లాడు ముందుకొచ్చి ఇరుసు మీద కాలితో ఒక్క తన్ను తన్నాడు. వెంటనే మడుచుకున్నావు. ఆ క్షణం నుంచీ మా ఆవిడ నన్ను చూసే చూపులో ఏదో మారింది.

చెన్నైలో విమానం మారి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ ఆటోవాళ్ల నోట ఇంకా పాత పేరే. మర్నాడు హేవ్‌లాక్ ప్రయాణం. దానికీ 2018లోనే స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. పేర్లు మార్చడం తేలికే. జెట్టీ మీద నుంచి పడవలోకి వేసిన వంతెన మాత్రం నీ చక్రాలకి పట్టనంత సన్నం. బుజ్జిది వాళ్లమ్మ భుజం మీద, నువ్వు నా భుజం మీద. రెండు గంటల ప్రయాణంలో అది ఏడవలేదు. నీ హ్యాండిల్ తగిలి పక్కసీటాయన మోకాలు గీసుకుపోతే ఆయన ఏడ్చినంత పని చేశాడు.

ఇక రాధానగర్ బీచ్. 2004లో టైమ్ పత్రిక దాన్ని ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది. రాసినవాళ్లని ఏమీ అనను, నిజంగానే అంత బాగుంది. ఒళ్లు తిరిగిన మహావృక్షాలు దాటితే తెల్లగా జల్లించిన మైదాలాంటి ఇసుక. నీ చావుకి ఆ మైదాయే వచ్చింది. మొదటి అడుగులోనే ముందు చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. తోస్తే ముక్కు ఇంకా కిందికి పోయింది. వెనక్కి తిప్పి లాగితే వస్తావని కనిపెట్టాను. సముద్రానికి వీపు పెట్టి, నాగలి లాగే ఎద్దులా నిన్ను ఈడ్చుకుంటూ నీళ్లదాకా పోయాను. తిరిగి చూస్తే నేను వచ్చిన దారిలో రెండు చాళ్లు. విత్తనాలు చల్లితే మొలిచేవి. బుజ్జిది నీలో లేదు, ఎప్పుడో దిగిపోయింది. ఒక మొగుడూ పెళ్లాం ఖాళీ బండి లాగుతున్న నన్ను ఫొటో తీశారు.

అన్నట్టు ఆ ఒడ్డున నిన్ను వాడుకున్నవాళ్లు లేకపోలేదు. మేం నీళ్ల దగ్గరికి వెళ్లొచ్చేసరికి నీ నీడలో ఒక ఊరకుక్క వెల్లకిలా పడుకుని ఉంది. పదకొండు వేలకి అంత సుఖపడినవాడు మా ఇంట్లో ఎవడూ లేడు.

నీళ్ల దగ్గర మాత్రం ఏం జరిగిందని! మొసళ్లుంటాయి జాగ్రత్త అని బోర్డు. అది చదవగానే మా ఆవిడ బుజ్జిదాని సముద్రస్నానాన్ని ఒక చెంబుకి కుదించేసింది. ఆ చెంబెడు నీళ్లు కాళ్ల మీద పడగానే పిల్ల ఊరంతా వినబడేలా ఆరున్నొక్క రాగం అందుకుంది. సరే, ఇసుకలో కూర్చోబెట్టాం. పిడికిలి బిగించింది, నోట్లో పెట్టుకుంది. యశోద నోరు తెరిపిస్తే పద్నాలుగు లోకాలు కనబడ్డాయట. మాకు ఇసుక, కొత్తగా వచ్చిన పన్ను, ఒక బుల్లి గవ్వ కనబడ్డాయి. గవ్వని తీయబోతే వేలు కొరికింది.

ఇంకో సంగతి. మన గడియారం నడిచేది కాకినాడ దాపుల నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. అండమాన్ దానికి మరో పది డిగ్రీలు తూర్పున ఉంది. అందుకే డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు దుకాణం కట్టేస్తాడు, తెల్లారి ఐదింటికే వెలుతురు. టూరిస్టులంతా దీన్నొక వింతగా చెప్పుకున్నారు. మా బుజ్జిది పుట్టినప్పటి నుంచీ అండమాన్ టైములోనే బతుకుతోంది. నాలుగున్నరకి లేచి కూర్చుంటుంది. జన్మలో మొదటిసారి దాని గడియారానికి సరిపడే ఊరికి తీసుకెళితే, ఆ ఊళ్లో ఆరింటిదాకా పడుకుంది. రాధానగర్‌లో సూర్యాస్తమయం అవుతుంటే మాత్రం నా భుజం మీద గుర్రు. నీ వెనక్కి వాలే సీటులో పడుకోబెడదామని వంగితే కళ్లు తెరిచేది, నిలబడితే మూసేది. నాలుగుసార్లు వంగి లేచాను. అప్పటికి గార్డులు ఈల వేసేశారు, చీకటి పడింది. ఆసియాలో మంచి సూర్యాస్తమయాన్ని నేను చూసింది గుంజిళ్లు తీస్తూ.

హోటలు గదిలో కెటిల్లో రాగిజావ కాచిన సంగతి కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను. ఉగ్గు గిన్నె, చెంచా, జల్లెడ, రాగిపిండి అన్నీ నీ కింది బుట్టలోనే వచ్చాయి. జావ పొంగి కెటిల్ మూతికి అంటుకుపోతే బాత్‌రూమ్‌లో బ్రష్షు పెట్టి అరగంట తోమాను. ఆ బ్రష్షు నాదే. మా తర్వాత ఆ గదిలో దిగి టీ పెట్టుకున్నవాళ్లకి నా క్షమాపణలు. టీ చిక్కగా వచ్చి ఉంటుంది.

సెల్యులార్ జైలు దగ్గర నీ మీద ఫిర్యాదు లేదు. చక్రం ఆకుల్లా ఏడు వరసలుండేవట, ఇప్పుడు మూడే మిగిలాయి. మెట్లెక్కుతూ నిన్ను తిట్టుకుంటున్నవాణ్ణి, ఖైదీలని ఎద్దుల బదులు కట్టి రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె ఆడించిన గానుగ దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాను. ఏడు కిలోల బండి మోస్తున్నానని ఆ చోట అనుకోవడానికి సిగ్గేసింది. కిందికి దిగాక మళ్లీ మొదలెట్టాననుకో.

అసలు నీ పరువు పోయింది ఆఖరి రోజు. కార్బిన్స్ కోవ్ దగ్గర, రోడ్డు పక్క బాదం చెట్టు కింద కొబ్బరిబొండాలమ్మే ఆవిడ. బుజ్జిది ఎండకి కందిపోయి, నిద్రకి వేగిపోయి, ఏడుస్తోంది. నేను నిన్ను భుజాన వేసుకుని హిందీలో "దో నారియల్" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి అచ్చ తెలుగులో అంది:

"ఏటి బాబూ ఇది! గుంటని తల్లి సంకనెట్టి, బండిని భుజానెట్టుకున్నావు? మరి బండెందుకున్నట్టు?"

శ్రీకాకుళం యాస. సోంపేట కాడ పల్లె అట, తాతల నాడే చేపల వేటకి వచ్చీసినారట. ఆశ్చర్యపోవాల్సింది లేదు; 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో నూటికి పదముగ్గురు తెలుగు మాట్లాడేవాళ్లే. నేను దో నారియల్ అన్న హిందీకి ఆవిడ ఎంత నవ్వుకుందో.

"ఇటియ్యమ్మా సంటిదాన్ని" అని మా ఆవిడ చేతుల్లోంచి బుజ్జిదాన్ని అందుకుంది. కొట్టు వెనక నుంచి ఒక పాత నూలుచీర తెచ్చింది. అంచు చిరిగి, ఉతికి ఉతికి మెత్తగా అరిగిపోయిన చీర. బాదం కొమ్మకి రెండు మడతలు వేసి ముడి బిగించింది. తన చెయ్యి అందులో పెట్టి ఒకసారి కిందికి నొక్కి చూసుకుంది. పిల్లని పడుకోబెట్టింది. లైఫ్ వారంటీ లేదు, ఐదు పాయింట్ల బెల్టు లేదు, ఒక చేత్తో మడిచే వీడియో లేదు. ఒక్క కాలి బొటనవేలితో ఉయ్యాల ఊపుతూ, కత్తితో బొండాలు కొడుతూ, మాతో సోంపేట కబుర్లు చెబుతూ ఐదు నిమిషాల్లో నిద్రపుచ్చేసింది. చీర అంచులోంచి బుజ్జిదాని కాలు ఒకటి బయటికి వేలాడుతోంది, వేళ్ల మధ్య ఇంకా రాధానగర్ ఇసుక. గంటన్నర పడుకుంది. ఆరు రోజుల్లో మేమిద్దరం కలిసి కూర్చుని సముద్రాన్ని చూసింది ఆ గంటన్నరే. ఏమీ మాట్లాడుకోలేదు, మాట్లాడితే లేస్తుందని భయం.

మరి నువ్వు? ఎండలో ఉన్న బొండాలని ఆవిడ ఒక్కొక్కటే తెచ్చి నీ సీట్లో పేర్చింది. పద్నాలుగు పట్టాయి. నీ గొడుగు వాటి మీదికి లాగి, దూరం నుంచి చూసి, "బండి మంచిదే బాబూ, బొండాలకి" అంది. కంపెనీవాళ్లు అడగలేదు గానీ, నీ మీద నేను రాయగలిగిన రివ్యూ అదే.

ఒక్క మేలు చేశావు, అదీ చెప్పాలి. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ ఆయన ఎక్స్‌రే చూసి నిన్ను పక్కకి తీశాడు. అండమాన్ నుంచి పగడపు ముక్కలు బయటికి తేకూడదు. నీ వెనక చక్రంలో తెల్లటి పగడపు ముక్క ఇరుక్కుని ఉంది. నేను తేలేదు సార్, అదే వచ్చింది అన్నాను. దొంగలంతా అదే అంటారు కాబోలు, ఆయన ముఖం మారలేదు. పెన్నుతో గెలికాడు. పగడం వచ్చింది, పిడికెడు ఇసుక వచ్చింది, నానిన బిస్కెట్టు ముక్క వచ్చింది, దాని వెనకే బుజ్జిదాని వెండి పట్టీ నుంచి ఊడిన మువ్వ వచ్చింది. రెండు రోజులుగా దాని కోసం మంచం కింద, సబ్బుపెట్టెలో, ఒకదశలో పిల్ల డైపర్లో కూడా వెతికాం. ఆయన మువ్వని అరచేతిలో ఊపి చూసి, మొదటిసారి నవ్వి, మా ఆవిడకిచ్చాడు. పగడం ఉంచుకున్నాడు.

ఇదీ మన కథ. నిన్న మా బావమరిది ఫోన్ చేశాడు. వచ్చే నెల మాల్దీవులట, ఏడు నెలల బాబుతో. "బావా, మీ దగ్గర స్ట్రోలరు ఊరికే పడుంది కదా, పట్టుకెళ్తా. బీచ్‌లో పనికొస్తుందా?" అన్నాడు. బావమరిది బావ బతుకు కోరతాడంటారు పెద్దలు. బావ ఏం కోరాలో చెప్పలేదు. పక్కన మా ఆవిడ కూరగాయలు తరుగుతూ నా వంక చూస్తోంది. కత్తిపీట ఆగింది.

"అదిరిపోతుందిరా. ఒక చేత్తో మడిచెయ్యొచ్చు" అన్నాను.

ఇట్లు,
నీ మాజీ వాహనం,
బెజవాడ