సవానా ఉక్కపోత గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ సవానా ఉక్కపోత గారికి,

అమెరికాలో జార్జియా తీరాన ఉన్న సవానా ఊరికి లాంగ్ వీకెండ్‌లో దిగబడే అట్లాంటా తెలుగువాళ్ల తరఫున చెమటోడ్చి రాసుకున్న విన్నపములు. ఇక్కడ అందరం క్షేమం. కాకపోతే తడిగా ఉన్నాం.

మీరంటే మావాళ్లకు మొదట్నుంచీ చిన్నచూపే. "రెంటచింతల ఎండ చూసినవాళ్లం, 92 ఫారెన్‌హీట్ ఒక లెక్కా?" అంటారు. అది పొడి ఎండండీ. అక్కడ దండెం మీద వేసిన పంచె కాసేపటికే అప్పడంలా ఫెళఫెళలాడుతుంది. ఒంటిమీద చెమటా అలాగే ఆరుతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మీ కొలువులో ఆ పప్పులు ఉడకవు, మనిషే ఉడుకుతాడు. జూలైలో మీ డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ ఎంతుందో చెప్పే అంకె, 75కి అటూ ఇటూ. గాలి అప్పటికే గొంతుదాకా నీళ్లు తాగి కూర్చుంటే మా చెమటకు చోటెక్కడిది? బందరువాళ్లనడిగితే ముందే చెప్పేవాళ్లు. ఫోన్లో ఉష్ణోగ్రత చూసి మురిసిపోకూడదు, డ్యూ పాయింట్ చూడాలి. 60 లోపుంటే షికారు, 70 దాటితే తపస్సు.

మావాళ్లేమో పొద్దున ఏడింటికి ఇల్లు వదిలి, మేకన్ దగ్గర ఐ-16 ఎక్కి, 250 మైళ్లు తోలి, సరిగ్గా మీ దర్బారు వేళకు దిగి నడక మొదలెడతారు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ కూడా అట్లాంటా నుంచే వచ్చాడు. ఊరు పట్టుకుని, క్రిస్మస్ కానుకగా ఇచ్చుకుంటున్నానని లింకన్‌కు కబురు పంపాడు. వెనక సైన్యముండి కూడా ఆయన డిసెంబరులో వచ్చాడు. మావాళ్లు వెనక పిల్లల బండి తోసుకుంటూ జూలై 4కి వస్తారు.

మీ సంగతి బాగా ఎరిగినట్టు కనిపించేది ఈ ఊరి నక్షా. 1733లో ఊరికి పునాది వేసిన ఓగల్‌థార్ప్ గీయించిన పద్ధతిలోనే ఊరు పెరిగి, పేటకో చదరపు తోట చొప్పున 24 స్క్వేర్లు వెలిశాయి. ఇప్పటికి 22 మిగిలాయి. ఒక నీడ దాటి రెండు నిమిషాలు ఎండలో నడిస్తే ఇంకో నీడ. నది దగ్గర్నుంచి బుల్ స్ట్రీట్ పట్టుకుంటే జాన్సన్, రైట్, చిప్పెవా, మాడిసన్, మాంటెరే, ఆ తర్వాత ఫోర్సిత్ పార్కులో 1858 నాటి ఫౌంటెన్. మొత్తం మైలు దూరం. పొద్దున ఏడింటికి మొదలెట్టి స్క్వేర్‌కో బెంచీ చొప్పున కూర్చుంటూ పోతే పదిలోపు అయిపోతుంది. మధ్యాహ్నం ఏసీ ఉన్న ఇళ్లూ మ్యూజియాలూ, మళ్లీ ఆరు దాటాకే వీధులు. నడుమ ఉరుముల వాన పడుతుంది. చల్లబడుతుందనుకుంటే పొరపాటే, ఇటుకల్లోంచి ఆవిరి లేస్తుంది. అన్నట్టు, ఫారెస్ట్ గంప్ సినిమాలో కనిపించిన ఆ ప్రసిద్ధ బెంచీ కోసం చిప్పెవా స్క్వేర్‌లో ఎండన పడి వెతకడం దండగ. అది మ్యూజియంలో హాయిగా ఏసీలో ఉంది.

మీ దయతో బతికేది ఒకటుంది, స్పానిష్ మాస్. పేరుకు స్పానిషూ కాదు, నాచూ కాదు, అనాసకు చుట్టం. ఓక్ కొమ్మల్నుంచి జడల్లా వేలాడుతూ మీ తడినే తాగుతుంది, చెట్టును పీల్చదు. కొమ్మ మీదున్నంతసేపు అందమే. నేలమీద పడ్డదాన్ని ఏరి, గడ్డంలా పెట్టుకుని ఫోటో దిగితే చిగ్గర్లనే సన్నపురుగులు ఎక్కుతాయి. కంటికి ఆనవు. మర్నాడు సాక్సు అంచు దగ్గరా నడుం పట్టీ దగ్గరా దురద మొదలయ్యాకే తెలుస్తుంది. వసంతంలోనూ శరత్తులోనూ మీరు కాస్త సెలవు పెడితే మీ బదులు ఉప్పుటేటి మడ నుంచి నుసుములు డ్యూటీకొస్తాయి. గాలి వీస్తే నిలవలేవు గనక సాయంత్రం గాలాడే చోటే మేలు.

కెమెరాల మీద మీకెందుకంత పగ? గదిలో ఏసీ 65కి పెట్టి, చల్లబడిన కెమెరాతో తలుపు తీయగానే లెన్సు మీద తెల్లటి పొర. చొక్కా అంచుతో తుడుస్తారు, చారలు పడతాయి, మళ్లీ పొర కమ్ముతుంది. లోపల ఉన్నప్పుడే జిప్ సంచిలో పెట్టి మూసి, బయటికొచ్చాక అరగంట తెరవకపోతే గాజు వెచ్చబడి ఏ గొడవా ఉండదు. కళ్లజోడుకు మాత్రం మీ దగ్గర జామీను లేదు.

పత్తి ఎగుమతితో బాగుపడిన ఊళ్లో పత్తి చొక్కాయే ఆరకపోవడం మీ హాస్యప్రియత్వమే కాబోలు. జీన్సు ఊసెత్తకపోవడం మంచిది. రివర్ స్ట్రీట్‌లో పరిచినవి ఓడల అడుగున బరువు కోసం తెచ్చిన రాళ్లు, గుండ్రంగా, వంకరగా, తడిస్తే సబ్బులా ఉంటాయి. దిగే మెట్లు మరీ నిలువు. హవాయి చెప్పులతో దిగబోయేవాళ్లు సిటీ హాల్ పక్కన లిఫ్టు వెతుక్కోవాలి. డిక్కీలో పులిహోర సాయంత్రందాకా నిలుస్తుంది. పెరుగన్నం ఐసు పెట్టెలో లేకపోతే రెండింటికే పులిసిపోతుంది.

ఒక్క విషయంలో మీతో వేళాకోళం నడవదు. చుట్టుపక్కల వరి పొలాల దొరలు వేసవి రాగానే మీకూ మలేరియాకూ జడిసి చల్లని చోట్లకు పోయేవారు. బానిసలు మాత్రం బురదలో మీతోనే ఉండేవారు. 1859 మార్చిలో ఊరి శివారు గుర్రప్పందాల మైదానంలో అలాంటివాళ్లను 400 మందికి పైగా రెండు రోజుల్లో వేలం వేశారు. ఓవెన్స్ థామస్ ఇంటి పెరట్లో, బానిసలుండిన గదుల పైకప్పుకు ఆనాటి నీలిరంగు ఇంకా కనిపిస్తుంది. టికెట్ కొనాలంటే ఆ ఇంటికి కొనాలి, దయ్యాల టూరుకు కాదు.

ఇట్లు,
మూడో చొక్కా మార్చుకుంటున్న
మీ విధేయులు

తా.క. కవరుకు జిగురు తడపాల్సిన పని లేకపోయింది. ఉత్తరం లోపల పెట్టకముందే అతుక్కుపోయింది. ఇది రెండో కవరు.