నలుగురి మధ్య మూడు క్రొకేటాలు

పోయిన చలికాలం లండన్‌లో మా ఆఫీసు వాళ్లం నలుగురం ఒక చిన్న రెస్టారెంట్‌కి వెళ్లాం. స్పెయిన్, ఇటలీ పద్ధతిలో చిన్న చిన్న ప్లేట్లు ఇచ్చే చోటు అది. కూర్చోగానే సర్వర్ వచ్చి, "మా దగ్గర అన్నీ షేర్ చేసుకునేవే. మనిషికి మూడు ప్లేట్ల లెక్కన చెప్పుకోండి. అయింది అయినట్టు తెచ్చేస్తాం" అన్నాడు. మొదట వచ్చిన ప్లేటులో హామ్ అనే పంది మాంసం కలిపి చిన్న ఉండల్లా వేయించిన క్రొకేటాలు మూడున్నాయి. మేం నలుగురం. ఒకమ్మాయి మాంసం తినదు కాబట్టి ఆ ప్లేటుకి లెక్క సరిపోయింది. తర్వాత చీజ్ పెట్టి కాల్చిన రొట్టె ముక్కలు వచ్చాయి. అవీ మూడే. ఒకదాన్ని కత్తితో రెండు చేశాం. మీరు తీసుకోండంటే మీరు తీసుకోండని ఒకరికొకరం చెప్పుకుంటుండగానే అవి చల్లారిపోయాయి.

చివర్లో పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జీతో కలిపి బిల్లొచ్చింది. నాలుగు సమాన భాగాలు చేసి తలా ఒకటి కట్టేశాం. మాంసం తినని అమ్మాయి ఆ పూట తిన్నది వేయించిన పాద్రోన్ మిరపకాయలు, బంగాళాదుంపలు, రొట్టె. హామ్‌కీ, ఆక్టోపస్‌కీ, గొర్రె మాంసానికీ ఆమె వాటా కూడా పడింది. "పర్వాలేదు" అంది. ఆ మాట నాకు ఇంటిదాకా గుర్తొస్తూనే ఉంది.

వంట బాగుంది. అందులో వంక పెట్టడానికేం లేదు. నా బాధంతా వేరే. స్పెయిన్, ఇటలీ ఊళ్లలో ఈ చిన్న ప్లేట్ల వెనక ఒక లెక్క ఉంటుంది. ఎవరికెంత, ఎవరు కట్టాలి, ఏది ఒక్కరిది, ఏది అందరిదీ అనే లెక్క. నగరాల్లోని రెస్టారెంట్లు ప్లేట్లు తెచ్చుకున్నాయి గానీ ఆ లెక్కను అక్కడే వదిలేశాయి.

స్పెయిన్‌లో ఈ చిన్న ప్లేటు పేరు టాపా. ఆ మాటకి స్పానిష్‌లో మూత అని అర్థం. వైన్ గ్లాసులో ఈగలు పడకుండా పైన రొట్టె ముక్కో, హామ్ ముక్కో కప్పేవారని, ఆ పేరు అలా వచ్చిందని చెబుతారు. రాజుల పేర్లతో నడిచే కథలు కూడా ఉన్నాయి. కథల మాట ఎలా ఉన్నా, ఈ తిండి నిలబడటానికి గట్టి కారణం అక్కడి గడియారం. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటలకి. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. పటంలో చూస్తే ఆ దేశం బ్రిటన్‌కి సరిగ్గా కిందే ఉంటుంది, కానీ 1940 నుంచీ మధ్య యూరప్ సమయాన్ని పాటిస్తోంది. అంటే వాళ్ల గడియారం సూర్యుడికంటే గంటకి పైగా ముందుంటుంది. ఆ పొడుగాటి సాయంత్రానికి ఒక ఆసరా కావాలి. మనకి నాలుగింటికి మిర్చి బజ్జీ ఎలాగో వాళ్లకి ఇది అలాగ. కడుపు నింపడానికి కాదు, భోజనం దాకా ఆగడానికి.

అందుకే అది చవకగా ఉండేది. గ్రనాడాలో ఇప్పటికీ డ్రింక్ కొంటే టాపా ఉచితంగా ఇస్తారు. లొగ్రోన్యోలో లౌరెల్ వీధి అని ఒక సన్నటి సందుంది. అక్కడ ఒక్కో బార్‌ది ఒక్కో వంటకం. ఒకచోట పుట్టగొడుగులు ఒకదాని మీద ఒకటి పేర్చి, వెల్లుల్లి సాస్ పోసి, పైన చిన్న రొయ్య పెట్టి, రొట్టె మీద పుల్లతో గుచ్చి ఇస్తారు. దాని కోసమే జనం ఆ బార్‌కి వస్తారు. అది తిని, గ్లాసు ఖాళీ చేసి, ఇంకోదాని కోసం పక్క బార్‌కి పోతారు. సాన్ సెబాస్టియన్‌లో వీటినే పించో అంటారు. పించార్ అంటే గుచ్చడం. ఒక ఆలివ్, ఒక ఉప్పు చేప, ఊరబెట్టిన పచ్చిమిరపకాయలు ఒకే పుల్లకి గుచ్చితే దాని పేరు హిల్డా. ఆ ఊళ్లోని కాసా వయేస్ అనే బార్‌లో పుట్టింది. 1946లో వచ్చిన హాలీవుడ్ సినిమా పేరే దానికి పెట్టారు. పుల్లకి మూడు రుచులు, అంతా ఒక్క మనిషి నోటికే.

ఇక్కడ ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. పించోని ఎవరూ పంచుకోరు. ఎవరి పుల్ల వాళ్లది. చాలా బార్లలో చివర్లో పుల్లలు లెక్కపెట్టి డబ్బులు తీసుకునేవారు, కొన్నిచోట్ల ఇప్పటికీ అంతే. నువ్వు ఎన్ని తిన్నావో నువ్వే చెబుతావు, అవతలివాడు నమ్ముతాడు. కూర్చుని పంచుకునేది రాసియోన్. అంటే పెద్ద ప్లేటు. దాంట్లో సగం మీడియా రాసియోన్. ఒకే వంటకం మూడు కొలతల్లో దొరుకుతుంది. ఒక్కడివే వస్తే టాపా, ఇద్దరైతే సగం, ఐదారుగురైతే పూర్తి ప్లేటు. మనుషుల్ని బట్టి ప్లేటు మారుతుంది. అందరూ మారని ఒకే ప్లేటు చుట్టూ సర్దుకోవాల్సిన పని లేదు.

డబ్బుకి కూడా ఒక పద్ధతుంది. బోతె అంటారు. సాయంత్రం మొదలవగానే తలా పదో ఇరవయ్యో యూరోలు ఒకరి చేతిలో పెడతారు. ప్రతి బార్‌లోనూ ఆ మనిషే కడతాడు. అయిపోతే మళ్లీ వేస్తారు. ఎవరు ఎంత పెట్టగలరన్నది తినకముందే తేలిపోతుంది. తిన్నాక బిల్లు చూసి గొంతు ఆరిపోయే టెన్షన్ ఉండదు.

వెనిస్‌లో సంగతి ఇంకా స్పష్టం. అక్కడ చిన్న వైన్ దుకాణాల్ని బాకరో అంటారు, వాటిలో దొరికే చిరుతిండి చికెట్టి. రియాల్టో మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో నడిస్తే పొద్దున పదింటికే జనం నిలబడి తింటూ కనిపిస్తారు. చిన్న గ్లాసు వైన్‌ని ఓంబ్రా అంటారు, అంటే నీడ. సాన్ మార్కో గంటస్తంభం నీడ ఎటు జరిగితే అటు వైన్ బండ్లు జరుపుకునేవారట, ఆ పేరు దాని నుంచే వచ్చిందంటారు. చికెట్టిలో నాకు బాగా ఇష్టమైంది బక్కలా మంతెకాతో. ఎండిన కాడ్ చేపను నానబెట్టి, ఉడికించి, నూనె పోస్తూ వెన్నలా తెల్లగా నురగ వచ్చేదాకా గిలకొడతారు. మొక్కజొన్న పిండితో చేసిన పొలెంతా ముక్క మీద పెట్టి ఇస్తారు. ఆ చేప వెనిస్‌ది కాదు, ఎక్కడో నార్వేది. 1431లో పియెత్రో క్వెరీని అనే వెనిస్ వర్తకుడు సరుకుతో బయల్దేరితే తుఫానుకి ఓడ పోయింది. బతికిన కొద్దిమంది 1432 జనవరిలో నార్వే పైభాగాన రోస్ట్ అనే దీవికి చేరారు. అక్కడి జాలర్లు వాళ్లని ఇళ్లల్లో పెట్టుకుని తిండి పెట్టారు. చేపలు గాలికి ఎండబెట్టి ఏళ్లకేళ్లు దాచుకోవడాన్ని క్వెరీని అక్కడే చూశాడు. ఆకలితో ఉన్నవాడికి పెట్టిన ఆ ఎండు చేపే ఆరు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ ఊరి కౌంటర్ మీద ఉంది.

చికెట్టి కూడా ఎవరిది వాళ్లదే. ఒకటో రెండో వేలితో చూపించి తీసుకోవడం, తినడం, వెళ్లడం. ఒక్కోటీ చిల్లర డబ్బులతో అయిపోయేది.

అంటే యూరప్‌లో రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. ఒక్కరి నోటికి సరిపడే ముక్క ఒకటి, నలుగురి మధ్య పెట్టే ప్లేటు ఒకటి. లండన్ లాంటి నగరాల్లో ఈ రెండూ కలిసిపోయాయి. ఒక్కరి ముద్దని తెచ్చి నలుగురి మధ్య పెట్టారు. మా ముందుకొచ్చిన మూడు క్రొకేటాలు అలా పుట్టినవే.

లండన్‌లో ఈ అలవాటు స్థిరపడింది దాదాపు ఇరవై ఏళ్ల కిందట. గూజ్ వీధిలో సాల్ట్ యార్డ్ 2005లో తెరిచారు. స్పెయిన్ వంటనీ ఇటలీ వంటనీ ఒకే మెనూలో పెట్టిన చోటు అది. మేక చీజ్ నింపి వేయించి, పైన తేనె పోసిన గుమ్మడి జాతి పువ్వులు అక్కడ పేరుపడ్డ వంటకం. 2007లో సోహోలో బర్రఫీనా వచ్చింది. అప్పట్లో రెండు డజన్లకు మించని స్టూళ్లు, బుకింగ్ ఉండేది కాదు, బయట క్యూ. 2009లో బీక్ వీధిలో రస్సెల్ నార్మన్ పోల్పో పెట్టి వెనిస్ బాకరోని లండన్‌కి పరిచయం చేశారు. ఆయన 2023లో చనిపోయారు. వీళ్లు చేసింది చిన్న పని కాదు. స్టార్టర్, మెయిన్, డెజర్ట్ అనే మూడు మెట్ల భోజనాన్ని కదిలించారు. అంత ఆకలి లేనివాళ్లు, అంత డబ్బు లేనివాళ్లు కూడా మంచి వంటగది ముందు కూర్చోగలిగారు. ఒక్కడివే వెళ్లి కౌంటర్ దగ్గర రెండు ప్లేట్లు తినొచ్చే వీలు ఏర్పడింది.

తర్వాత ఇది అందరికీ పాకింది, పాకేకొద్దీ పల్చబడింది. దీనికి కారణం వంటగదిలో వెతకాలి. నలుగురికీ నాలుగు రకాల మెయిన్ కోర్సులు ఒకే క్షణంలో వేడిగా బయటకి పంపడం వంటవాళ్లకి చాలా కష్టమైన పని. షేరింగ్ అన్నాక ఆ కష్టం ఉండదు. ఏది అయితే అది పంపేయొచ్చు. చిన్న వంటగది, తక్కువ మంది వంటవాళ్లు చాలు. ధర కూడా ప్లేటుకి ప్లేటు చూస్తే తక్కువగా కనిపిస్తుంది, పన్నెండు ప్లేట్లు కలిపితే గానీ అసలు సంగతి తెలియదు. యజమానుల వైపు కూడా చూడాలి. గిన్నెలు మూడింతలు కడగాలి, సర్వర్లు మూడింతలు తిరగాలి. లండన్ అద్దెలు, జీతాలు భరిస్తూ ఎవరూ ఊరికే ఏమీ ఇవ్వలేరు, అది నాకు అర్థమవుతుంది. కానీ 'అయింది అయినట్టు' అనే సౌకర్యం వంటగదికైతే, దాన్ని తినేవాళ్లకి చేసిన ఉపకారంలా చెప్పడం సరికాదు. సాస్ అంతా అయిపోయాక రొట్టె వస్తే అది ఎవరి సౌకర్యం?

ఈ విషయం నాకెందుకు ఇంత పట్టిందంటే, పంచుకుని తినడం నాకు చిన్న విషయం కాదు. రెండేళ్ల కిందట మా అమ్మ లండన్ వచ్చినప్పుడు ఇలాంటి చోటుకే తీసుకెళ్లాను. టోర్టియా వచ్చింది, అంటే బంగాళాదుంపలు వేసిన మందపాటి గుడ్డు అట్టు. స్పెయిన్‌వాళ్లు ఎవరి ఫోర్కు వాళ్లు పట్టుకుని నేరుగా మధ్యలోని ప్లేటు లోంచే తింటారు. పక్క టేబుల్ వాళ్లు అలాగే తింటున్నారు. అమ్మ కాసేపు చూసి, "ఏరా, అందరూ ఎంగిలి ఫోర్కుతోనే పెడుతున్నారేంట్రా?" అంది. ఇంకో స్పూను అడిగి తెచ్చి ఇచ్చాను. కాసేపయ్యాక నా ప్లేటులో మిగిలిన ముక్క మాత్రం తనే తీసుకుని తినేసింది. పిల్లల ఎంగిలి తల్లికి ఎంగిలి కాదు కదా.

ఎంగిలి అన్న మాటలో శుభ్రత ఒక్కటే లేదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలన్నదాన్ని మన ఊళ్లు చాలాకాలం కులంతో తేల్చాయి. టీ కొట్టులో కొందరికి వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి పుస్తకాల్లోది కాదు, మన ఊళ్లలోది. దాన్ని కదిలించడానికే సహపంక్తి భోజనాలు పెట్టాల్సి వచ్చింది. అందుకే వేర్వేరు దేశాలు, వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చిన నలుగురు ఒకే ప్లేటులో చెయ్యి పెట్టడం నాకు ఫ్యాషన్‌లా కనిపించదు. హైదరాబాద్‌లో బార్కస్ వైపు వెళ్లి, నిజాం సైన్యంలోకి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసుల మధ్య మందీ తిన్నప్పుడల్లా ఆ ఆనందం తెలుస్తుంది. పెద్ద పళ్లెం, చుట్టూ మనుషులు, ఎవరి వైపున్న అన్నం వాళ్లు తింటారు. మాంసం ముక్కను మాత్రం పెద్దవాళ్లు విడదీసి అందరి వైపూ జరుపుతారు. అక్కడ లెక్కపెట్టే పని ఉండదు, ఎందుకంటే పళ్లేన్ని ఎంతమందికో అడిగాకే నింపుతారు.

పంచుకోమని చెప్పే ప్రతి రెస్టారెంటూ ఆ ఒక్క ప్రశ్న అడగాలని నా కోరిక. మీరెంతమంది? నలుగురైతే క్రొకేటాలు నాలుగు పెట్టి, నాలుగో దానికి డబ్బులు తీసుకోండి. ఎవరూ కాదనరు. రొట్టె ముందు పంపండి. మాంసం తినని మనిషి టేబుల్ దగ్గర ఉంటే, ఆ మనిషి తినగలిగే ప్లేట్లు చివర్లో కాకుండా మొదట్లోనే రావాలి. సగం ప్లేటు, పూర్తి ప్లేటు అని మెనూలో రెండు ధరలు రాయడం కష్టమేమీ కాదు, స్పెయిన్‌లో మామూలు బార్లు చేస్తున్న పనే. తినేవాళ్లం కూడా మొహమాటం తగ్గించుకోవాలి. మనలో సమానంగా పంచేద్దామనే మాట ఎప్పుడూ ఎక్కువ తిన్నవాళ్ల నోటి నుంచే వస్తుంది. తక్కువ తిన్నవాళ్లు కాదనలేరు.

ఆ రోజు నాలుగో మనిషి స్పెయిన్ నుంచి వచ్చిన మా టీమ్ అబ్బాయి. మూడు ముక్కల ప్లేటు చూసి ఏమీ అనలేదు గానీ తన వాటా మా వైపు జరిపాడు. వసంతంలో అతను ఉద్యోగం మాని సొంతూరు వెళ్లిపోతుంటే వీడ్కోలు విందుకి ఏర్పాట్లు మేమే చూసుకున్నాం. ఎనిమిది మందిమి. తలుపు దగ్గరే అతను టోపీ తీసి పట్టుకున్నాడు, తలా ఇరవై పౌండ్లు వేశాం. మాంసం తినని అమ్మాయి, ఇంకొకతను పదిహేను వేశారు, అది ముందే అనుకున్నది. ఏ ప్లేటు చెప్పినా రెండు చెప్పాం. టోర్టియా ముందే వచ్చింది, దాన్ని తొమ్మిది ముక్కలుగా కోయించాం. ఎనిమిది అయిపోయాక ఒకటి మధ్యలో అలా ఉండిపోయింది. స్పెయిన్‌లో ఆ చివరి ముక్కని సిగ్గు ముక్క అంటారని, ఎవరూ ముట్టుకోరని అతను చెప్పాడు. మా ఊళ్లో దాన్ని మొహమాటం ముక్క అనాలి అన్నాను. ఆ అమ్మాయి ఇద్దరి మాటా విని, ఫోర్కుతో గుచ్చి తన ప్లేటులో వేసుకుంది.